గోడకి ఆ పక్కా ఈ పక్కా: బర్గండి ద్రాక్షతోటల్లో

బుధవారం, డిజోన్

పారిస్‌లో టీజీవీ అనే వేగం రైలు ఎక్కితే గంటా నలభై నిమిషాల్లో డిజోన్, ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ బర్గండి ప్రాంతంలో పెద్ద ఊరు. లియోన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా పిన్ని కొడుకు అప్పటికే స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. వీపున ఒక సంచీ, చేతిలో రైళ్ల టైంటేబుల్.

"కారేదిరా?" అన్నాను.

"కారు తెస్తే నేను తాగకూడదు. నువ్వు తాగుతుంటే గుటకలు మింగుతూ కూర్చోవాలి. అంత త్యాగం నా వల్ల కాదక్కా."

వాడన్నదీ నిజమే. ఫ్రాన్స్‌లో లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాల్ ఉంటే చాలు, బండి నడపడం నేరం. రోజంతా రుచి చూస్తూ తిరిగేవాళ్లకి రైలూ, సైకిలూ, కాళ్లూ తప్ప గతి లేదు. బర్గండికి అదే మంచిది కూడా. ఇక్కడ చూడవలసినవి కారు వేగానికి కనిపించవు.

నేను వచ్చింది ఒక చిక్కు విప్పుకోవడానికి. ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతమైన బోర్డో సంగతి కొంచెం తేలిగ్గా బుర్రకెక్కుతుంది. అక్కడ పేరంతా ఎస్టేటుది. 1855లో చేసిన పట్టికలో ఏ ఎస్టేటుకి ఏ హోదా ఇచ్చారో ఇప్పటికీ దాదాపు అదే నడుస్తోంది. బర్గండి లేబుల్ మాత్రం కొరుకుడు పడదు. దానిమీద ఊరి పేరుంటుంది, పొలం పేరుంటుంది, చేసిన మనిషి పేరుంటుంది. ద్రాక్ష రకం పేరు మాత్రం చాలా సీసాల మీద కనబడదు. ఎందుకంటే చెప్పనక్కర్లేదు. ఎర్రదైతే పినో న్వార్, తెల్లదైతే షార్డొనే, దాదాపుగా అంతే. ఒకే రకం ద్రాక్ష, ఒకే కొండవాలు, ఊరికీ ఊరికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లు. మరి ఒక సీసా ఇరవై యూరోలు, ఇంకోటి ఇరవై వేలు ఎందుకు? ఇందులో మట్టి ఎంత, మాయ ఎంత?

డిజోన్‌లో వైన్ కంటే ముందు డ్యూకులు తగులుతారు. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో బర్గండి డ్యూకులంటే ఫ్రాన్స్ రాజుకే నిద్రపట్టనివ్వని బలవంతులు. వాళ్ల కోట ఊరి నడిబొడ్డున ఇప్పుడు మునిసిపల్ ఆఫీసు, మ్యూజియం. వాళ్లలో ఫిలిప్ ద బోల్డ్ అనే ఆయన 1395లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు: గామే అనే ద్రాక్ష చెడ్డది, నమ్మదగనిది, తీగలన్నీ పీకేయండి అని. గామే విరగకాస్తుంది, రైతుకి తిండి పెడుతుంది. పినో న్వార్ తక్కువ కాస్తుంది, ఊరికే జబ్బు పడుతుంది, కానీ వైన్ బాగుంటుంది. ఆ ఆజ్ఞని అందరూ వెంటనే పాటించారని కాదు. కానీ పరిమాణం కంటే పేరు ముఖ్యమన్న పట్టుదల ఈ నేలకి ఆనాడే అంటుకుంది. రైతుల గోడు ఎవడికి పట్టింది లెండి.

నోత్రదామ్ చర్చి గోడకి చిన్న గుడ్లగూబ బొమ్మ చెక్కి ఉంది. ఎడమ చేత్తో రుద్దితే కోరిక తీరుతుందట. శతాబ్దాలుగా జనం రుద్దీ రుద్దీ దాని మొహం చెరిగిపోయింది. మేమూ మా వంతు అరగదీసి, మార్కెట్ దగ్గర ఒక కేఫ్‌లో కూర్చున్నాం.

అక్కడ తాగింది కీర్. బ్లాక్‌కరంట్ పళ్లతో చేసిన క్రెమ్ ద కాసిస్ అనే తియ్యటి లిక్కర్ అడుగున కాస్త పోసి, పైన అలిగోతే అనే తెల్ల వైన్ నింపుతారు. 1945 నుంచి 1968లో పోయేదాకా డిజోన్ మేయర్‌గా ఉన్న ఫెలిక్స్ కీర్ అనే ఫాదరీ, వచ్చిన అతిథులందరికీ ఇదే పోయించేవాడు. చివరికి ఆయన పేరే దీనికి స్థిరపడింది. అలిగోతే పక్కా పులుపు సరుకు, అందుకే దానికి తీపి జోడించారు. నేను రెండో గ్లాసు కాసిస్ లేకుండా ఉత్త అలిగోతే అడిగాను. పళ్లు జివ్వుమన్నాయి గానీ, నాకు అదే నచ్చింది.

గురువారం, వూజో నుంచి న్యుయి దాకా

పొద్దున్నే లోకల్ రైల్లో వూజో స్టేషన్లో దిగాం. అక్టోబరు చివరి వారం. కోతలైపోయి చాలా రోజులైంది, ఆకులు మాత్రం ఇంకా రాలలేదు. ఊరి వైపు నడుస్తుంటే పొగమంచు కొంచెం కొంచెంగా విడిపోయి కొండవాలు బయటపడింది. కొండ అంటే పెద్దగా ఊహించుకోకండి. రోడ్డు మీంచి అడవి అంచుదాకా తీరిగ్గా ఎక్కినా అరగంట పట్టదు. డిజోన్ దగ్గర మొదలై దక్షిణంగా యాభై కిలోమీటర్ల పైచిలుకు సాగే ఈ సన్నటి వాలునే కోట్ దోర్ అంటారు. ఉత్తర సగం కోట్ ద న్యుయి, ఎక్కువగా ఎర్ర వైన్. దక్షిణ సగం కోట్ ద బోన్, ఎర్రదీ తెల్లదీ కూడా, తెల్లదానికే పేరెక్కువ.

మొత్తం కథ ఈ వాలులోనే ఉంది. రోడ్డుకి తూర్పున చదును నేల. పై నుంచి కొట్టుకొచ్చిన బంకమట్టి లోతుగా పేరుకుని, నీళ్లు నిలుస్తాయి. ఇక్కడ పండేది చాలావరకు 'బోర్గోన్య్' అనే మామూలు పేరుతో అమ్ముడవుతుంది. రోడ్డు దాటి పైకి వెళ్తే ఊరి పేరు పెట్టుకునే హక్కు వస్తుంది. ఇంకాస్త పైకి ప్రీమియే క్రూ, ఊరి స్థాయి కంటే ఒక మెట్టు పై హోదా. వాలు నడుం దగ్గర, సున్నపురాయి ముక్కలూ మట్టీ సరిపాళ్లలో కలిసి, నీళ్లు నిలవకుండా జారిపోయి, పొద్దుటి ఎండ నేరుగా పడే చోట గ్రాన్ క్రూ, అన్నిటికన్నా పై హోదా. మరీ పైకి వెళ్తే మళ్లీ హోదా దిగిపోతుంది. అక్కడ మట్టి పలచన, చలి ఎక్కువ. మొత్తం బర్గండిలో గ్రాన్ క్రూలు 33. దిగుబడిలో వాటి వాటా నూటికి ఒకటో రెండో వంతులు.

మన పొలాలకి సర్వే నంబర్లున్నట్టు ఇక్కడ ప్రతి చెక్కకీ ఒక పేరుంది. దాన్ని క్లీమా అంటారు. డిజోన్ నుంచి కింది దాకా అలాంటివి 1,247 ఉన్నాయని లెక్కగట్టి, 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక తుప్ప, ఒక రాతి కట్ట, ఒక బండిబాట, అంతే హద్దు. అటు ఒక పేరు, ఇటు ఒక పేరు. ధర మాత్రం రెండింతలు, మూడింతలు.

క్లో ద వూజో, అంటే వూజో ఊరి గోడకట్టిన ద్రాక్షతోట, దాని దగ్గరికొచ్చాం. మనిషెత్తు రాతి గోడ, లోపల దాదాపు 50 హెక్టార్లు, అంటే నూట పాతిక ఎకరాలు. 1098లో పుట్టిన సీతో మఠం ఇక్కడికి దగ్గరే. ఆ సన్యాసులు పన్నెండో శతాబ్దం నుంచి ముక్క ముక్కా కూడబెట్టి, 1336 నాటికి చుట్టూ గోడ కట్టేశారు. ఏ ముక్కలో పండినది ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి గమనించి గుర్తుపెట్టుకున్నది ఎక్కువగా వాళ్లే. ఫ్రెంచ్ విప్లవం వచ్చి చర్చి ఆస్తులన్నీ వేలం వేసింది. ఆ తర్వాత కూడా ఈ తోట చాలాకాలం ఒకే యజమాని చేతిలో ఉండి, 1889లో ముక్కలైంది. ఇప్పుడు లోపల సుమారు ఎనభై మంది యజమానులు. కొందరికి ఉన్నవి కొన్ని వరసలే.

లోపలి బాట మీద పై నుంచి కిందికి నడిచాం. తోటలోని పాత భవనం దగ్గర, అంటే పై చివర, మట్టి పలచగా, రాళ్లతో కరకరలాడుతోంది. బూట్లకి ఏమీ అంటలేదు. కిందికి దిగేకొద్దీ నేల రంగు ముదిరింది. రోడ్డు పక్క గోడ దగ్గరికి వచ్చేసరికి నా బూట్లకి చెరో అర కిలో బంకమట్టి. అయినా పైదీ గ్రాన్ క్రూయే, కిందదీ గ్రాన్ క్రూయే, ఎందుకంటే గోడ ఒకటే. 1930లలో చట్టం రాసినవాళ్లు గోడని గౌరవించారు, మట్టిని కాదు. పై భాగం వైన్ పోప్‌కి, నడిమిది బిషప్పులకి, కిందది మఠంలో సన్యాసులకి అని ఒక పాత కథ చెబుతారు. నిజమో కాదో గానీ, నా బూట్లు ఆ కథకే ఓటేశాయి.

భవనంలో పాతకాలపు గానుగలు నాలుగున్నాయి. ఒక్కో దూలం ఏ మహావృక్షం నుంచి తీశారో అనిపిస్తుంది. ఈ భవనం ఇప్పుడు 1934లో పుట్టిన ఒక సోదర సంఘానిది. ఆర్థిక మాంద్యంలో వైన్ కొనే నాథుడు లేక గోదాముల్లో మూలుగుతుంటే, ఎలాగూ అమ్ముడుపోవట్లేదు, నలుగుర్నీ పిలిచి తాగిద్దాం అని మొదలుపెట్టారట. మార్కెటింగ్ అని పేరు పెట్టకపోయినా అసలు పని అదే.

అక్కడి నుంచి తోటల మధ్య బాట మీద దక్షిణంగా వోన్-రోమానే ఊరికి నడక. దారిలో తీగల మీదుగా, వరసకి అటో చక్రం ఇటో చక్రం వేసుకుని, పొడుగు కాళ్ల ట్రాక్టరొకటి పోతోంది. చలికాలం వచ్చేలోగా తీగ మొదళ్లకి మట్టి ఎగదోస్తున్నారు. వరసల మధ్య దూరం ఒక మీటరే, ఎకరానికి సుమారు నాలుగు వేల తీగలు. నా నడుము ఎత్తు దాటదు ఏదీ. ఇంత దగ్గర దగ్గరగా నాటితే వేళ్లు పక్కకి పోవడానికి చోటుండదు, లోతుకి దిగాల్సిందే. నీళ్లు పెట్టే పద్ధతి లేదు.

ఊరి వెనక ఒక చిన్న రాతి శిలువ, దాని వెనక మోకాలెత్తు గోడ. అదే రోమానే-కోంతి. 1.81 హెక్టార్లు, నాలుగున్నర ఎకరాలు. ఏడాదికి ఐదారు వేల సీసాలు. 1945లో పండినవి ఆరువందల సీసాలే. ఆ తర్వాత ముసలి తీగలన్నీ పీకేశారు. ఆ ఆరువందల్లో ఒకటి 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. కంచె లేదు, కాపలా మనిషి లేడు. దారి దిగి తోటలోకి మాత్రం రావద్దని మర్యాదగా అడుగుతూ ఒక బోర్డు ఉందంతే. 2010లో ఒకడు ఇక్కడి తీగలకి విషం పెడతానని డబ్బు కోసం బెదిరించి దొరికిపోయాడు.

మా వాడు గోడ మీదికి వంగి మట్టి కేసి చాలాసేపు చూశాడు. "ఏముందిరా అందులో?" అంటే, "పక్కదానిలో ఉన్నదే ఉందక్కా" అన్నాడు. పక్కన రిష్‌బూర్, ఇంకో పక్క లా గ్రాన్ ర్యూ, పైన రెండెకరాల లా రోమానే. అన్నీ గ్రాన్ క్రూలే. అన్నీ ఖరీదే. కానీ ఇంత కాదు. నా మటుకు నేను ఇక్కడే ఒక నిర్ణయానికి వచ్చాను. హోదాల్లో మట్టి సత్యం చాలావరకు ఉంది. కానీ ఒక స్థాయి దాటాక ధర మట్టిది కాదు, ఐదువేల సీసాల కోసం ప్రపంచంలోని కోటీశ్వరులందరూ క్యూ కట్టడానిది.

సాయంత్రం న్యుయి-సాన్-జోర్జ్‌లో ఒక చిన్న వైన్ బార్. క్లో ద వూజోలో ఇద్దరు వేర్వేరు యజమానుల సీసాలు తెరిచి ఉన్నాయి, ఒకే సంవత్సరానివి. గ్లాసు ధర ఇక్కడ రాయను, ఇది మా అమ్మ చదువుతుంది. మొదటి దాంట్లో చెర్రీ, తడి మట్టి వాసన, నాలుకకి పట్టే వగరు, మింగాక కూడా పోకుండా నిలిచే రుచి. రెండోది పలచగా, పుల్లగా, పది సెకన్లలో ఖాళీ. అదే గోడ, అదే పేరు, అదే హోదా. లేబుల్ మీద చిన్నక్షరాల్లో ఉండే మనిషి పేరు ఎందుకు చదవాలో ఆ రెండో గ్లాసు నేర్పింది. దానికి పెట్టిన డబ్బుకి మా వాడు రాత్రంతా బాధపడ్డాడు.

శుక్రవారం, బోన్

వైన్ వ్యాపారానికి రాజధాని డిజోన్ కాదు, బోన్. పాత కోటగోడల మధ్య చిన్న ఊరు, నేలకింద అంతా నేలమాళిగలు. నెగోసియాన్ అనే వర్తకులు రైతుల దగ్గర ద్రాక్షో వైనో కొని, తమ మాళిగల్లో పెంచి, తమ పేరుతో అమ్ముతారు. ఒకప్పుడు బర్గండి వైనంతా వీళ్ల చేతుల మీదుగానే పోయేది. రైతులు సొంతంగా సీసాల్లో నింపి అమ్ముకోవడం పోయిన శతాబ్దంలోనే ఊపందుకుంది.

ఈ ఊళ్లో అందరూ చూసేది ఆస్పత్రిని. నూరేళ్ల యుద్ధం, కరువు, దొంగల బెడదతో ఊరంతా బీదవాళ్లతో నిండిపోతే, డ్యూక్ గారి మంత్రి నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ ద సలాన్ కలిసి 1443లో ఓతెల్ ద్యూ అనే ఈ ఆస్పత్రిని స్థాపించారు. మొదటి రోగి చేరింది 1452 జనవరి 1న. రోలాన్ కడుపులు కొట్టి సంపాదించినవాడని పేరు. ఇంతమందిని బీదవాళ్లని చేసినవాడు వాళ్లకో ఆస్పత్రి కట్టడం న్యాయమేనని ఒక రాజు వెటకారమాడాడని చెప్పుకుంటారు.

బయట నుంచి చూస్తే రాతి గోడ, బూడిదరంగు కప్పు. లోపలి ఆవరణలోకి అడుగుపెట్టగానే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల పెంకులతో పేనిన చాపలా మెరిసే కప్పు. ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు, నేను ఎక్కువ చెప్పను. నన్ను పట్టి నిలబెట్టింది బీదల వార్డు. పొడుగాటి హాలు, రెండు వైపులా ఎర్ర తెరల మంచాలు, ఒక చివర ప్రార్థనామందిరం. మంచం మీద నుంచే పూజ చూడొచ్చు. పైన అడ్డదూలాల చివర్లు దూలాన్ని మింగుతున్న డ్రాగన్ తలలు. జ్వరంతో పడుకుని రాత్రిపూట దీపం వెలుగులో వాటిని చూస్తే రోగం తగ్గుతుందో పెరుగుతుందో! ఇంకో గదిలో రోజియే వాన్ డెర్ వేడెన్ వేసిన 'అంతిమ తీర్పు' ఉంది. అందులో దేవదూత మనుషుల్ని తక్కెడలో తూస్తుంటాడు. ఆరోజుల్లో ఇది రోగుల ఎదురుగా ఉండేది. 1971 దాకా ఈ భవనంలో రోగులకి చోటుండేదంటే నమ్మబుద్ధి కాదు.

వైన్‌తో సంబంధం ఏమిటంటే, శతాబ్దాలుగా దాతలు ఆస్పత్రికి తోటలు రాసిచ్చారు. ఇప్పుడవి సుమారు 60 హెక్టార్లు. 1859 నుంచి ఆ ఏటి కొత్త వైన్‌ని నవంబరు మూడో ఆదివారం వేలం వేస్తారు, డబ్బు వైద్యానికి పోతుంది. అమ్మేది సీసాలు కాదు, పీపాలు. ఇక్కడి పీపా 228 లీటర్లు, మూడువందల సీసాల పైచిలుకు. వేలం నాటికి వైన్ వయసు రెండు నెలలే. ఇంకా పచ్చిది. కొన్నవాడు దాన్ని ఒక వర్తకుడి మాళిగలో ఏడాది, ఏడాదిన్నర పెంచాలి. ఊళ్లో అప్పుడే వేలం ఏర్పాట్లు మొదలయ్యాయి. ధర్మానికి కొంటున్నాం కదా అని చెయ్యి కాస్త ధారాళంగానే ఆడుతుందట.

రాత్రి భోజనం గురించి రెండు ముక్కలు. మాంసం తినేవాళ్లకి బోన్ స్వర్గం: వైన్‌లో ఉడికిన గొడ్డు మాంసం, వెల్లుల్లి వెన్నలో నత్తలు. రెండూ ముట్టని నాకు దొరికింది ఎర్ర వైన్ పులుసులో ఉడికించిన కోడిగుడ్లు, నల్లగా భయపెట్టేలా ఉండి అద్భుతంగా ఉన్నాయి (బేకన్ ముక్కలు ఏరి మా వాడి ప్లేట్లో పడేశాను). తర్వాత ఎపువాస్ అనే చీజ్. దాని వాసన గురించి పక్క బల్ల వాళ్లకి కూడా తెలిసింది.

శనివారం, సైకిల్ మీద

పొద్దున బోన్ సంతలో బ్రెడ్డు, చీజ్, యాపిల్స్ కొనుక్కుని, సైకిళ్లు అద్దెకి తీసుకున్నాం. బోన్ నుంచి సాంత్‌నే దాకా తోటల మధ్యలోంచి సైకిల్ బాట ఉంది. అంతా మెత్తటి ఎత్తుపల్లాలు. మొదట పొమ్మార్, ఆ తర్వాత వొల్నే. ఈ రెండు ఊళ్ల పేర్లతో వచ్చేది ఎర్ర వైన్ మాత్రమే.

వొల్నేలో ఒక రైతు దగ్గర మా వాడు ముందే ఫోన్ చేసి టైమ్ తీసుకున్నాడు. చెప్పకుండా వెళ్తే చాలామంది తలుపు తీయరు. గర్వం కాదు, పనిలో ఉంటారు. ఈయన యాభై దాటిన మనిషి, గోళ్ల కింద నల్లటి మరక కోతల నాటి నుంచీ పోయినట్టు లేదు. మొత్తం పొలం పదిహేను ఎకరాల లోపు, అదీ నాలుగు ఊళ్లలో చిన్న చిన్న ముక్కలుగా. వాళ్ల నాన్న పోయాక ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాల్సి వచ్చింది. నెపోలియన్ కాలం నుంచి చట్టం అదే. అందుకే ఒక్కో క్లీమాలో ఈయన వాటా కొన్ని వరసలే. ఒకచోట మూడు వరసలకి ఒక పీపా కూడా నిండదట. చెల్లెలి వాటా కౌలుకి చేస్తున్నాడు. ఎకరం కోట్లు పలికే చోట ఒక్కరు వాటా అమ్ముతానన్నా మిగతావాళ్ల గుండెల్లో రాయి పడ్డట్టే, కొనే స్తోమత ఎవరికుంది? తోటలు పెద్ద పెద్ద కంపెనీల చేతుల్లోకి పోతున్నాయంటే ఇదొక కారణం.

మెట్లు దిగితే మాళిగ. చల్లగా పన్నెండు డిగ్రీలు, గోడలకి నల్లటి బూజు. ముందు ఒక పీపా మూత మీద చెవి పెట్టి వినమన్నాడు. సన్నగా చిటపటమంటోంది. ఈ ఏటి వైన్, ఇంకా లోపల పని జరుగుతోంది. తర్వాత గాజు గొట్టంతో పోయినేటి వైన్ తీసి చెరో గ్లాసులో రెండు గుటకల వంతున పోశాడు. మొదటిది రోడ్డుకి కింది వైపు, ఊరి స్థాయి పొలంలోది. రెండోది బాట దాటి పైన, ప్రీమియే క్రూ. మధ్య దూరం మూడువందల మీటర్లు. తీగ అదే, మనిషి ఆయనే, ఒకే వారంలో కోసినవి, ఒకే పద్ధతిలో పులియబెట్టినవి, పీపాలు కూడా ఒకే చోట చేసినవి.

మొదటిది బాగుంది. పళ్ల రుచి ముందుకొచ్చి, గుండ్రంగా, మాటకారి మనిషిలా వెంటనే స్నేహం చేస్తుంది. రెండోది ముందు ఏమీ ఇవ్వలేదు. పులుపూ వగరూ గట్టిగా పట్టుకుని, నోట్లో కాసేపు తిప్పాక గులాబీ వాసన లాంటిదేదో పైకొచ్చింది. ఉమ్మేశాక కూడా నిమిషం పాటు పోలేదు. ఉమ్మడం ఇక్కడ తప్పు కాదు, నేలమీది గులకరాళ్లే ఉమ్మితొట్టి. నేను సీసాలు పక్కపక్కన పెట్టి రుచి చూసినవి ఇదివరకు లేకపోలేదు. కానీ ప్రతిసారీ మనిషో, సంవత్సరమో, పద్ధతో మారేది. ఇక్కడ మారింది నేల ఒక్కటే. గురువారం నాటి రెండు గ్లాసుల్లో నేల పేరు ఒకటే, మనుషులు వేరు. ఈ రెండూ కలిపితే గానీ బర్గండి లేబుల్ పూర్తిగా చదవడం రాదు.

మూడువందల మీటర్లలో ఏం మారింది అని అడిగాను. మా వాడు తర్జుమా చేశాడు. కింద మట్టి మీటరున్నర లోతు, పైన జానెడు తవ్వితే బండ. వాన పడితే కింద తీగ తాగుతూనే ఉంటుంది, పైన తీగ కష్టపడుతుంది, కాయ చిన్నది, తోలు మందం. అంతకు మించి ఆయన కవిత్వం చెప్పలేదు. చెప్పాలని నేనూ ఆశించలేదు.

అన్నీ మనవైపున ఉండవని ఇక్కడ అందరికీ అనుభవమే. 2012, 2013, 2014 వరసగా మూడేళ్లు ఈ ఊళ్ల మీద వడగళ్లు పడి పంట పోయింది. 2021 ఏప్రిల్‌లో మొగ్గ విడిచాక మంచు కురిసి తెల్ల ద్రాక్ష తుడిచిపెట్టుకుపోయింది. ఏప్రిల్ రాత్రులంటే టెన్షనే, తోటల్లో కొవ్వొత్తి డబ్బాలు వెలిగించి కాపలా కాస్తారు. వేడి పెరగడం వల్లే మొగ్గ ముందుగా విడుస్తోంది, అందుకే మంచుకి దొరికిపోతోంది. బోన్‌లో 1354 నుంచి కోత తేదీల లెక్కలున్నాయి. వాటి ప్రకారం 1988 తర్వాత కోతలు సగటున పదమూడు రోజులు ముందుకి జరిగాయి. తన చిన్నప్పుడు బడి తెరిచాక కోసేవాళ్లమనీ, ఇప్పుడు కొన్నేళ్లు ఆగస్టులోనే కోస్తున్నామనీ ఆయన అన్నాడు. పండే వైన్ బాగానే ఉంది, వెనకటి కంటే పక్వంగా కూడా ఉంది. ఈ చెక్కల హోదాలు చల్లటి కాలంలో నిర్ణయించినవి. ఒకప్పుడు చలని తోసేసిన పై ముక్కలు, పక్క లోయలు ఇప్పుడు మెరుగవుతున్నాయి. పట్టిక మార్చే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మధ్యాహ్నం మెర్సో మీదుగా పులినీ. మెర్సోలో గ్రాన్ క్రూ ఒక్కటీ లేదు, అయినా ఊరి స్థాయి సీసానే యాభై యూరోల పైమాట. పులినీ దాటాక మోన్‌రాషే. ఎనిమిది హెక్టార్లు, ప్రపంచంలో షార్డొనేకి ఇంతకన్నా పేరున్న చోటు లేదు. పులినీ, షసాన్య్ ఊళ్లు రెండూ దాన్ని చెరి సగం పంచుకుని, రెండూ పోటీపడి దాని పేరు తమ పేరు చివర తగిలించుకున్నాయి. ఇక్కడ చాలా ఊళ్లు పందొమ్మిదో శతాబ్దంలో చేసిన పని ఇదే. పక్కనున్న గొప్ప చుట్టం పేరు కలుపుకోవడం, ఆ నీడలో మామూలు వైన్ అమ్ముకోవడం. అందుకే సీసా మీద పెద్ద పేరు చూడగానే మురిసిపోకూడదు. 'పులినీ-మోన్‌రాషే' వేరు, 'మోన్‌రాషే' వేరు. ధరలో పదింతల తేడా.

తిరుగు దారిలో ఎదురుగాలి. దాని గురించి మాట్లాడుకోవడం అనవసరం.

ఆదివారం, కోర్తోన్ గుట్ట

బోన్‌కి ఉత్తరాన, నెత్తిన అడవి టోపీ పెట్టుకున్న గుట్ట కోర్తోన్. చుట్టూ తోటలే. తూర్పు వైపు ఎర్రది, నైరుతి వైపు ఎక్కువగా తెల్లది, కోర్తోన్-షార్లమాన్య్. చక్రవర్తి షార్లమాన్య్‌కి ఇక్కడ తోట ఉండేదనీ, ఎర్ర వైన్ తెల్ల గడ్డం మీద మరకలు చేస్తోందని భార్య సణిగితే తెల్ల ద్రాక్ష నాటించాడనీ కథ. షార్డొనే ఇక్కడికి అంత ముందే వచ్చిందనడానికి ఆధారం లేదు గానీ, గుట్ట నలువైపులా తిరిగితే మాత్రం కథ అక్కర్లేకుండానే విషయం తెలుస్తుంది. ఎండ పడే దిక్కు మారుతుంటే కాళ్ల కింద మట్టి ఇటుక రంగు నుంచి తెల్లబారుతూ వచ్చింది.

మధ్యాహ్నం బోన్‌లో కొనుగోలు. మన కస్టమ్స్ వాళ్లు సుంకం లేకుండా రానిచ్చేది మనిషికి రెండు లీటర్లు. అంటే రెండు మామూలు సీసాలు, ఒక చిన్న అర సీసా. మా వాడు గ్రాన్ క్రూ ఒక్కటైనా తీసుకోమని పోరాడు. "ఇంత దూరం వచ్చి, హైదరాబాద్‌లో ఎవరికైనా చూపించడానికైనా ఉండాలి కదక్కా!"

"చూపించడానికైతే ఫొటో ఉంది" అన్నాను.

నేను తీసుకున్నవి: వొల్నే రైతు దగ్గర కొన్న ఊరి స్థాయి ఎర్రది ఒకటి, ఆయన ప్రీమియే క్రూ కాదు, నచ్చినా సరే, దానికి ఇంకో పదేళ్లు కావాలి, మా ఇంట్లో పన్నెండు డిగ్రీల గది లేదు. రెండోది సాన్-తోబాన్ తెల్లది. మోన్‌రాషే వెనక లోయలో ఉండే ఊరు, ఒకప్పుడు చలని ఎవరూ పట్టించుకోనిది. ధర పులినీలో సగం కూడా లేదు. అర సీసా కాసిస్ లిక్కర్.

అలిగోతే మాత్రం సూట్‌కేసులో పట్టలేదు. అది స్టేషన్ బెంచీ మీద, కాగితం గ్లాసుల్లో, మిగిలిన ఎపువాస్‌తో పూర్తి చేశాం. వాడి రైలు దక్షిణానికి, నాది పారిస్‌కి. వాడిది పన్నెండు నిమిషాలు లేటు.